వీడ్కోలు దేనికి? బిషప్ అజరయ్య జీవితం చెప్పే జవాబు

బూడిద బుధవారానికి ముందురోజు సాయంత్రం ఖమ్మంలోనో, కొత్తగూడెంలోనో, భద్రాచలంలోనో ఏదైనా కోడిమాంసం దుకాణం దగ్గర కాసేపు నిలబడి చూడండి. మన సంఘాల వాళ్లు చాలామంది కనిపిస్తారు. రేపటి నుంచి శ్రమదినాలు. నలభై రోజులు నీచు ముట్టరు. అందుకని ఈ రాత్రికి ఇంటిల్లిపాదీ కడుపునిండా తినాలని సంచులు పట్టుకుని వస్తారు. ఇందులో నేరమేమీ లేదు. అయితే మనకు తెలియకుండానే మనం చేస్తున్న ఈ పనికి ప్రపంచంలో పెద్ద పేరు, పాత చరిత్ర ఉన్నాయి. దాన్నే కార్నివాల్ అంటారు.

లాటిన్‌లోనూ ఇటాలియన్‌లోనూ మాంసాన్ని సూచించే మాట 'కార్నే'. 'లెవారే' అంటే తీసి పక్కన పెట్టడం. ఈ రెండు మాటలూ కలిసి మధ్యయుగాల ఇటలీలో మాంసం మానేసే రోజుకు పేరయ్యాయి. తర్వాత జనం దాన్ని 'కార్నే వాలే' అని విడదీసి, మాంసమా ఇక సెలవు అని అర్థం చెప్పుకున్నారు. పండితులు మొదటి అర్థమే సరైనదంటారు. ఏది తీసుకున్నా సారం ఒకటే, అది వీడ్కోలు. ఫ్రెంచివారు అదే రోజును 'మార్డిగ్రా' అన్నారు. కొవ్వు మంగళవారం అని దాని అర్థం. ఇంగ్లీషువారు 'ష్రోవ్ ట్యూస్‌డే' అన్నారు. ఆ పాత మాటకు మూలం పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడం. పోర్చుగీసువారు గోవాకు తెచ్చిన ఈ పండుగను అక్కడివారు 'ఇంత్రూజ్' అంటారు. లాటిన్‌లో ప్రవేశం అనే మాట నుంచి వచ్చిన పేరది. ఉపవాస దినాలలోకి ప్రవేశం అన్నమాట. 1965 నుంచి అక్కడ మోమో రాజు పేరుతో ఊరేగింపులు జరుగుతున్నాయి.

నాలుగు పేర్లలో నాలుగు అర్థాలున్నాయి: వీడ్కోలు, కొవ్వు, ఒప్పుకోలు, ప్రవేశం. లోకం మాత్రం వాటిలో కొవ్వునే ఎక్కువగా గుర్తుపెట్టుకుంది.

ఈ పండుగ ఎలా పుట్టింది? ఈస్టర్‌కు ముందు నలభై దినాలను ప్రత్యేకంగా పాటించే అలవాటు నాలుగో శతాబ్దం నాటికే సంఘంలో ఉంది. క్రీ.శ. 325లో జరిగిన నిసయ మహాసభ నిర్ణయాలలో ఆ నలభై దినాల ప్రస్తావన కనిపిస్తుంది. ఆదివారాలు ప్రభువు పునరుత్థాన దినాలు గనుక వాటిని ఉపవాసంలో లెక్కించరు. నలభై సరిపోవడానికి వెనక్కి జరిపితే ఆరంభం బుధవారమైంది. రానురాను పాశ్చాత్య సంఘంలో ఆ దినాల్లో మాంసమే కాక గుడ్లు, పాలు, వెన్న కూడా మానాలన్న నియమం వచ్చింది. చలికాలం కోసం దాచుకున్న మాంసం, వెన్న ఇళ్లలో ఇంకా మిగిలి ఉండేవి. నలభై రోజులు ఆగితే పాడైపోతాయి. ఆ ముందు రోజుల్లోనే వాటిని తిని ముగించేవారు. విందుకు పాట తోడైంది, పాటకు ఆట, ఆటకు మద్యం, ముఖాలకు మారువేషాలు తోడయ్యాయి. రోమీయుల పాత పండుగలే పేరు మార్చుకుని ఇలా వచ్చాయని కొందరంటారు. వాటి నుంచి ఇది నేరుగా దిగి వచ్చిందనడానికి గట్టి ఆధారాలు లేవు. ఒకటి మాత్రం స్పష్టం. ఉపవాసం లేనిదే కార్నివాల్‌కు అర్థం లేదు.

పదహారో శతాబ్దపు సంస్కరణోద్యమం తర్వాత చాలా ప్రొటెస్టెంట్ ప్రాంతాలలో ఈ వేడుక సన్నగిల్లింది. నియమం కోసం చేసే ఉపవాసం రక్షణ తేలేదని బోధించినచోట, ఆ ఉపవాసానికి ముందు విందు కూడా చాలావరకు నిలవలేదు. మన తెలుగు ప్రొటెస్టెంట్ సంఘాలకు కార్నివాల్ రాకపోవడానికి కారణం ఇదే. కానీ ఆంగ్లికన్ మిషనరీలతో వచ్చిన ప్రార్థన పుస్తకంలో మాత్రం ఆ రోజుల జాడ మిగిలింది. శ్రమదినాలకు ముందు వచ్చే చివరి ఆదివారం నాడు చదవడానికి ఆ పుస్తకం నియమించిన పత్రిక భాగం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం. ఐరోపా వీధుల్లో జనం విందుకు సిద్ధమవుతున్న వేళ, సంఘం ప్రేమను గురించి చదివేది. ఆస్తి అంతా పంచిపెట్టినా, శరీరాన్నే అర్పించినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని పౌలు చెప్పిన అధ్యాయమది.

ఆ అధ్యాయాన్ని తన జీవితంతో బోధించిన ఒక సేవకుడు మన ప్రాంతంలోనే, మన అడవి అంచునే జీవించి ఇక్కడే మట్టిలో కలిశారు. ఆయనే డోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళనాట తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం హిందూ కుటుంబం నుంచి క్రీస్తును నమ్ముకుని, ఆ పల్లెలో పాదిరిగా సేవ చేశారు. తల్లి ఎలెన్ కుమారుని కోసం ఎన్నో ఏళ్లు ప్రార్థించి, హన్నాను తలచుకుని బిడ్డకు సమూయేలు పేరు పెట్టుకుంది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకున్న ఆ యువకుడు 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నారు. ఆమె ఆ తర్వాత తెలుగు పల్లెల్లో స్త్రీల మధ్య చేసిన సేవ భర్త సేవకు ఏమాత్రం తీసిపోదు.

1902లో శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో తామే సువార్తికులను పంపడం ఆయన చూశారు. మన తిరునెల్వేలిలో వేలాది విశ్వాసులు ఉండి ఎవరినీ ఎందుకు పంపడం లేదన్న ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు. మరుసటి ఏడాదే, 1903లో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. దేశీయుల మనుషులు, దేశీయుల డబ్బు, దేశీయుల నిర్వహణ అన్నదే దాని నియమం. 1905 క్రిస్మస్ రోజున సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడూ ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు.

తిరునెల్వేలి వారు తమ మొదటి సేవా స్థలంగా ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని డోర్నకల్. సింగరేణి బొగ్గు గనుల వైపు రైలు మార్గం చీలే జంక్షన్ అది. చుట్టూ అడవి, నడుమ నడుమ పల్లెలు, పల్లె చివర మాల మాదిగ పేటలు. ఇతరులను వెళ్లమని చెబుతూ తాను పట్నంలో కూర్చోవడం అజరయ్యకు తగదనిపించింది. మంచి ఉద్యోగం, పేరు, స్నేహితులు, మాతృభాష అన్నిటినీ పక్కన పెట్టారు. 1909లో అభిషేకం పొంది, ముప్పై అయిదో ఏట డోర్నకల్ చేరుకున్నారు. మొదట్లో గుడారంలో కాపురం. అప్పుడు తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టారు. కార్నివాల్ మాటకు ఉన్న అసలు అర్థం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆయన వీడ్కోలు చెప్పింది నలభై రోజులకు కాదు. మళ్లీ ఆ పాత జీవితానికి తిరిగి వెళ్లలేదు.

మరుసటి ఏడాది, 1910 జూన్‌లో, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మంది ప్రతినిధులలో భారతీయులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అజరయ్యను మాట్లాడమన్నారు. విషయం తెల్ల మిషనరీలకూ దేశీయ సేవకులకూ మధ్య సంబంధం. పొగడ్తలు ఆశించినవారు ఆ రోజు ఆశ్చర్యపోయారు. మిషనరీలు చేసిన త్యాగాలకు ఆయన మనసారా కృతజ్ఞతలు చెప్పారు. తర్వాత అసలు మాట విప్పారు. దయ చూపుతున్నారు, జీతం ఇస్తున్నారు, కానీ కలిసి కూర్చుని భోజనం చేసే స్నేహం ఎక్కడుందని అడిగారు. కొరింథీయుల పత్రిక 13వ అధ్యాయాన్నే ఆధారం చేసుకున్నారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి అన్న భావంతో ముగించారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. నూరేళ్లు దాటినా ఆ ప్రసంగాన్ని ప్రపంచ సంఘం ఇంకా తలచుకుంటూనే ఉంది.

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘ చరిత్రలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఒక నల్లవాడి చేతికింద తెల్లవారు ఎలా పనిచేస్తారని సణిగినవారున్నారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ మాత్రం ఆయన వెంట గట్టిగా నిలబడ్డారు. మొదట చిన్నదిగా ఉన్న డోర్నకల్ డయోసిస్, తర్వాత కృష్ణా, గోదావరి ప్రాంతాల సంఘాలు చేరి ఎంతో పెద్దదైంది. గోదావరి ఒడ్డున అడవి నడుమ ఉన్న దుమ్ముగూడెం కూడా అందులో భాగమైంది. దుమ్ముగూడెం కథ ఇంకా పాతది. గోదావరిలో పడవలు నడిచేందుకు అక్కడ ఆనకట్ట పనులు చేయించిన ఇంజినీరు హేగ్ చొరవతో 1860ల నాటికే కోయ సోదరుల మధ్య సువార్త పని మొదలైంది. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ దీర్ఘకాలం అక్కడ సేవ చేసి, కోయల ఆచారాల గురించి విలువైన వ్యాసాలు రాశారు.

ఈ పల్లెల్లో బిషప్‌గారు ఎడ్లబండి మీద తిరిగారు. చదువు రాని విశ్వాసులకు కీర్తనల ద్వారా, బైబిలు కథల ద్వారా వాక్యం నేర్పించారు. బాప్తిస్మం పొందినవారి చేతులను వారి తలల మీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాడిని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న భావం పలికించేవారు. సువార్త చెప్పే పని పాదిరిగారిది అని తప్పుకునే వీలు ఎవరికీ ఇవ్వలేదు. ఆయన కాలం ముగిసేసరికి ఆ డయోసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు భూమి లేని కూలీలు, అంటరానివారని ఊరు దూరం పెట్టినవారు.

పల్లె ప్రజలను పట్టి పీడించే నాలుగు దయ్యాలున్నాయని అజరయ్య చెప్పేవారు. అవి మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగింటినీ వెళ్లగొట్టని సువార్త పల్లెకు సగమే చేరినట్టని ఆయన సేవ మనకు చెబుతుంది. మన అడవి అంచులో ఈ మాటకు ఎంత బరువుందో ఒక్కసారి ఆలోచించండి. ఐరోపాలో శ్రమదినాలు చలికాలం చివర, ఇంట్లో నిల్వలు తరిగిపోయే కాలంలో వస్తాయి. మన దగ్గర ఆ కాలం వేరు. పంట ఇంటికి చేరి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులవి. అడవిలో ఇప్పపువ్వు రాలుతుంది. తాటిచెట్లకు కల్లు పారుతుంది. పెళ్లిళ్లు, జాతరలు వరుసగా వస్తాయి. అంటే మన సంఘాలు ఉపవాసంలోకి ప్రవేశించే రోజులే మన చుట్టూ సహజంగా కార్నివాల్ నడిచే రోజులు. ఇక్కడ ఉపవాసం ఉండటం ఏటికి ఎదురీదడమే.

అయితే ఆయన పండుగలకు శత్రువు కారు. ఊరి పండుగలతో పెరిగిన మనిషిని పండుగ లేకుండా చేస్తే, వాడు తిరిగి పాత పండుగకే పోతాడని ఆయనకు తెలుసు. అందుకే కోతకాలపు కృతజ్ఞతా పండుగను సంఘాలలో ఘనంగా జరిపించారు. పేదలు తమ చేలో పండిన గింజలు, పెరటి కాయలు, కోడి, మేక, ఏది ఉంటే అది దేవుని సన్నిధికి పాటలతో తెచ్చేవారు. అన్నం వండేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని పని కోసం పక్కన పెట్టే అలవాటు కూడా మన సంఘాలలో బాగా నాటుకుంది. పేదవాడు పుచ్చుకోవడానికే పుట్టాడన్న ఆలోచనను ఆయన ఒప్పుకోలేదు. ఇవ్వడం అతని గౌరవమని నమ్మారు. క్రైస్తవుల ఇవ్విని గురించి ఒక పుస్తకమే రాశారు. కొవ్వు మంగళవారంలో మనిషి మిగిలింది తనే తినేస్తాడు. కోత పండుగలో కొత్తగా వచ్చిందాంట్లో మొదటిది ఇచ్చేస్తాడు. రెండింటిలోనూ పాట ఉంది, సంతోషం ఉంది. దారి మాత్రం వేరు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథడ్రల్ కూడా ఇదే చెబుతుంది. ఏళ్ల తరబడి సాగిన ఆ నిర్మాణం 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. దూరం నుంచి చూస్తే గుమ్మటాలు, మినార్లు. లోపల గుడి మండపాన్ని తలపించే రాతి స్తంభాలు. ఈ నేల మీది శిల్పులకు తెలిసిన పని అంతా క్రీస్తు ఆరాధనకు వచ్చి చేరింది. దానికి ఎపిఫనీ కెథడ్రల్ అని పేరు. తూర్పు దేశపు జ్ఞానులకు ప్రభువు ప్రత్యక్షమైన పండుగ పేరది. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో కార్నివాల్ కాలం మొదలయ్యేది కూడా సరిగ్గా అదే జనవరి 6న. అక్కడ ఆ రోజు నుంచి వేషాలు, విందులు మొదలవుతాయి. జ్ఞానులు మాత్రం ఆ రోజు తమ పెట్టెలు విప్పి బంగారం, సాంబ్రాణి, బోళం ఇచ్చి, వేరొక దారిని తిరిగి వెళ్లారు. వచ్చిన దారినే వెళ్లకపోవడం వారి పండుగ.

అజరయ్య జీవితమంతా కన్న ఇంకో కల సంఘ ఐక్యత. 1919లో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల సేవకులు కలిసి కూర్చున్నప్పటి నుంచి ఆ పనిలో ముందున్నారు. ఒకే ప్రభువును నమ్మినవారు వేర్వేరు బల్లల దగ్గర కూర్చోవడం ఆయనకు బాధ. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత, 1947 సెప్టెంబర్ 27న, దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆయన దాన్ని చూడలేదు. మోషేలా దూరం నుంచి చూశారు, అంతే.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. మేము ఎరిగిన ఒక కుటుంబం ఉంది. పేరు, ఊరు చెప్పడం న్యాయం కాదు. ఆ ఇంటి తండ్రి శ్రమదినాలలో తాగడు. నలభై రోజులూ నిష్ఠగా ఉంటాడు, కూటాలకు వస్తాడు. ఆ రోజుల్లో ఆ తల్లి కిరాణా కొట్టు బాకీ తీరుస్తుంది. పిల్లలు రాత్రిపూట భయం లేకుండా చదువుకుంటారు. ఆ ఇంటి చిన్నపిల్ల ఒకసారి సండే స్కూల్ టీచర్‌ను ఆ నలభై రోజులను వంద రోజులు చేయకూడదా అని అడిగింది. ఈస్టర్ ఉదయం అందరూ ప్రభువు లేచాడని పాడుతుంటే ఆ తల్లీబిడ్డల కళ్లు తండ్రి వైపే ఉంటాయి. ఉపవాసం అయిపోయింది గనుక సాయంత్రానికి పాత స్నేహితులు పిలుస్తారు, ఆయన వెళతాడు. ఆ ఇంట్లో ఉపవాస దినాలే పండుగ. పండుగ రాత్రే భయం.

ఇలాంటి ఇళ్లు మన ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. వారిని మనం ఎరగమా? ఎరుగుదుం. నలభై రోజులు నిలబడ్డాడు కదా అని మెచ్చుకుని ఊరుకుంటాం. మాంసానికి ఇచ్చే వీడ్కోలునూ తాగుడుకు ఇచ్చే వీడ్కోలునూ ఒకే లెక్కలో వేస్తాం. మాంసం దేవుడిచ్చిన ఆహారం, దాన్ని ఈస్టర్ నాడు మళ్లీ కృతజ్ఞతతో తినవచ్చు. ఇంటిని కూల్చే అలవాటుకు మాత్రం మరల రమ్మని సెలవు ఇవ్వకూడదు. దుర్మార్గపు కట్లు విప్పడమే, ఆకలిగొన్నవానితో అన్నం పంచుకోవడమే తనకు ఇష్టమైన ఉపవాసమని దేవుడు యెషయా 58లో తేటగా చెప్పాడు. బట్టలను గాక హృదయాన్ని చింపుకోమని యోవేలు ద్వారా పిలిచాడు.

ఈసారి ఆ మంగళవారం వచ్చినప్పుడు కూర వండుకోండి, సంతోషంగా తినండి. తిన్న తర్వాత ఇంట్లో అందరూ కూర్చుని కొరింథీయుల మొదటి పత్రిక 13వ అధ్యాయం చదవండి. ఆ రోజుకు ఉన్న నాలుగు పేర్లలో లోకం మరచిపోయిన ఒప్పుకోలును, ప్రవేశాన్ని మీ ఇంట్లో తిరిగి బతికించండి. నలభై రోజులకు ఏది మానాలో, జన్మంతా ఏది మానాలో విడివిడిగా ఆలోచించండి. బుధవారం నుంచి పిడికెడు బియ్యం తీసిపెట్టి ఈస్టర్ నాటికి అవసరమున్న ఇంటికి చేర్చండి.

ఇంకొక్క పని సంఘ పెద్దలు చేయాలి. ఈస్టర్ సాయంత్రం ఆ తండ్రి లాంటివారిని, వారి భార్యాబిడ్డలతో సహా, తమ ఇంటికి భోజనానికి పిలవాలి. నలభై రోజులు అతనికి ప్రసంగాలు వినిపించాం, ప్రార్థనలు చేశాం. నలభై ఒకటో రోజు రాత్రి అతన్ని పిలిచేది పాత స్నేహితులే అయితే తప్పు అతనిది మాత్రమే కాదు. ఎడిన్‌బరో సభలో అజరయ్య డబ్బు అడగలేదు, బోధ అడగలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చునే స్నేహితులను అడిగారు. మన పక్క వీధిలోని ఆ ఇంటికి కూడా ఈస్టర్ రాత్రి కావలసింది వాళ్లే.